పెద్దాయన తెరిచిన పేజీ

అమలాపురంలో మా కొబ్బరి వర్తకుల సంఘానికి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, రోజూ పదకొండయ్యేసరికి ఎవరో ఒక పెద్దమనిషి మెట్లెక్కి పైకి వెళ్ళేవారు. మళ్ళీ ఆగిపోయిందండీ అని చెప్పి, అలా చెప్పాల్సి వచ్చినందుకు తనే నొచ్చుకుని దిగేవారు. పైన ఉండేది శ్యామ్ సుందర్. సంఘం వెబ్‌సైటు తయారు చేసింది అతనే, నడిపేది అతనే, ఆగిపోతే మొహం వేలాడేసుకునేదీ అతనే.

నా పని కింద. సభ్యుల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, వాళ్ళ పేరూ పాస్‌వర్డూ కొట్టి, ఊరూరి కొబ్బరి ధరలు చూపించాలి. నా పేరు ప్రశాంతి. పేరుకి తగ్గ మనిషిని కానని ఆఫీసులో అందరికీ తెలుసు.

పొద్దున్న సైటు శుభ్రంగా నడిచేది. పదకొండుకి, డేటాబేసుతో కనెక్షన్ దొరకలేదంటూ ఇంగ్లీషులో ఎర్రటి వాక్యం పడేది. శ్యామ్ సర్వరు ఆపి మళ్ళీ మొదలెడితే బాగుపడేది, మధ్యాహ్నానికి మళ్ళీ అదే వరస. అతని అనుమానమంతా డ్రైవరు మీద. డ్రైవరంటే, మా సైటు అడిగింది డేటాబేసుకి చేరవేసి, జవాబు ఇటు పట్టుకొచ్చే చిన్న ప్రోగ్రామట. ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి కొత్త డ్రైవరు దింపుకొచ్చాడు. అది కుదరక పాతది పెట్టాడు. హైదరాబాదులో స్నేహితుడికి ఫోను చేసి, వాడు కూడా డ్రైవరే అన్నాడని సంబరంగా వచ్చి చెప్పాడు. చదువుకున్నవాళ్ళిద్దరు ఒకే మాట మీద ఉంటే నేనేం అంటాను?

చిత్రమేమిటంటే, అతను ఒక్కడే కూర్చుని పరీక్షించినప్పుడు సైటు ఒక్కసారీ ఆగలేదు. ఆదివారం చర్చి నుంచి నేరుగా ఆఫీసుకొచ్చి సాయంత్రం దాకా అదే పని. లోపలికి వెళ్ళేవాడు, ధరలు చూసేవాడు, లాగౌట్ నొక్కి పద్ధతిగా బయటికొచ్చేసేవాడు. పనివేళల్లో కిందికి వచ్చి చూడమంటే మాత్రం ససేమిరా అనేవాడు. వస్తే సభ్యులు ఊరుకోరు. రాజోలు దానం మాస్టారి అబ్బాయివి కదూ, పెళ్ళెప్పుడు బాబూ అని మొదలెడతారు.

ఆ దానం మాస్టారే అతని అసలు బెంగ. రిటైరైన పంతులుగారు. కొడుకూ పంతులే కావాలని ముందు బీయెడ్ చదివించి, ఆ తర్వాతే ఎంసీయేకి ఒప్పుకున్నారు. కంప్యూటరు పనితో ఇక్కడే బతకొచ్చని శ్యామ్, అదెక్కడి పనిరా అని ఆయన. ఇంతలో డీయస్సీ పడింది. అదే వారం మా ప్రెసిడెంటు బుచ్చిరాజుగారు పైకి వెళ్ళి, సోమవారం కూడా ఆగితే ఈ సైటు తీసేద్దామండీ, ఫోన్లున్నాయి కదండీ అని మెత్తగా చెప్పేరు. మా వైపు కఠినమైన మాట ఎంత మెత్తగా వస్తే అంత ఖాయమన్నమాట.

"ఆగిపోతే డీయస్సీ దరఖాస్తు మీద సంతకం పెట్టేస్తానని నాన్నగారికి మాటిచ్చేనండీ. సోమవారం సాయంత్రం తీసుకొస్తారు" అన్నాడు శ్యామ్ నాతో. అతని మొహం చూస్తే నాకు నిజంగా జాలేసింది. ఆ పూటకి ఆటపట్టించడం మానేశాను.

సోమవారం పొద్దున్నే నేనే పైకి వెళ్ళి, ఆ పెట్టె మొహం చూస్తూ కూర్చుంటే ఏమొస్తుంది, కిందికొచ్చి మనుషుల మొహాలు చూడండని లాక్కొచ్చాను. బీరువా పక్కన, నలుగురికీ కనబడకుండా కుర్చీ వేశాను.

అందరికన్నా పెద్దవారు కేశవరావుగారు వచ్చి ధరలు చూసుకుని, కాఫీకని వరండాలోకి లేచారు. అదే కుర్చీలో గంగరాజుగారు కూర్చున్నారు. తెర మీదున్న పేజీని ముట్టుకోలేదు. దాన్ని పదిలంగా కిందికి దించి, కొత్త పేజీ తెరిచి, నా చేత తన పేరు కొట్టించుకున్నారు. ఆయన లేచాక సూర్యారావుగారూ అంతే. తెర అడుగున పేజీలు బారులు తీరుతున్నాయి.

"ఆ మొదటి పేజీ ఎవరూ మూయరేంటండీ?" అన్నాడు శ్యామ్ నాతో, గొంతు తగ్గించి.

"అది కేశవరావుగారు తెరిచిందండీ. కాఫీ తాగి మళ్ళీ వస్తారేమో. పెద్దాయన చూస్తున్నది మనం మూసేస్తే ఏం బాగుంటుందండీ?"

"మరి గంగరాజుగారిది?"

"ఆయన మాత్రం చిన్నవారాండీ?"

రాజోలు బస్సులో సీటు మీద ఎవరైనా కండువా వేసి దిగితే, బస్సు కదిలేదాకా దాన్ని ఎవరూ తీయరు. మా వాళ్ళకి ఆ పేజీలూ అలాంటివే. శ్యామ్ తల పట్టుకున్నాడు. కాసేపటికి ఆ తల పట్టుకునే నవ్వడం మొదలెట్టాడు.

విషయం అప్పుడు చెప్పాడు. లోపలికి వచ్చిన ప్రతివారికీ అతని ప్రోగ్రాము డేటాబేసుతో ఒక కనెక్షన్ ఇస్తుంది. వాళ్ళు లాగౌట్ నొక్కితేనే వెనక్కి తీసుకుంటుంది. ఉన్న కనెక్షన్లు కొన్నే. ఇక్కడ ఎవరూ లాగౌట్ నొక్కరు. పదకొండయ్యేసరికి అన్నీ అయిపోయి, తర్వాత వచ్చినవారికి ఎర్ర వాక్యమే మిగిలేది. ఇందులో డ్రైవరు చేసిన పాపం ఏమీ లేదు. ఇన్నాళ్ళూ ఆ అమాయకుణ్ణి మార్చి మార్చి చంపుకుతిన్నాడు.

ముందు తేలిక దారి చూశాడు. 'చూడటం అవగానే లాగౌట్ నొక్కి పేజీ మూసేయగలరు' అని కాగితం మీద రాసి గోడకి అంటించాడు. బుచ్చిరాజుగారు అది రెండుసార్లు చదివేరు.

"మన గుమ్మంలోకి వచ్చినవారిని, పనైపోతే లేవండని రాసి పెడతామాండీ?" అని, కాగితం ఊడదీసి, మడతపెట్టి శ్యామ్ జేబులోనే పెట్టేరు.

ఇక మారాల్సింది ప్రోగ్రామే. శ్యామ్ పైకి పరిగెత్తాడు. ధర అడిగినప్పుడు మాత్రమే కనెక్షన్ ఇచ్చి, జవాబు రాగానే చడీచప్పుడు లేకుండా తీసేసుకునేలా రాశాడు. తెర మీద పేజీ మాత్రం ఎవరిది వారికి అలాగే ఉంటుంది. అతను రాస్తున్నంతసేపూ నేను సభ్యులకి కాఫీలు తెప్పించి, ఎవరి తోటలో ఎలకలు ఎన్ని బొండాలు కొట్టేశాయో ఓపిగ్గా విన్నాను. నా జన్మలో అంత ఓపిక పట్టలేదు.

పదకొండయింది. పన్నెండయింది. మెట్లెక్కినవాళ్ళు లేరు.

సాయంత్రం దానం మాస్టారు గొడుగూ చేతిసంచీతో వచ్చారు. బుచ్చిరాజుగారే ఎదురెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తన పేరు మీద పేజీ తెరిపించారు. మాస్టారు రాజోలు ధర దగ్గర వేలు పెట్టి, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు ఒక్కో వరసా చదివారు. శ్యామ్ వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సంచీలోంచి దరఖాస్తు అంచు కనబడుతూనే ఉంది.

"ఇవాళ ఆగలేదా?" అని అడిగారు.

"లేదు నాన్నగారూ."

"రేపు?"

"రేపూ ఆగదండీ."

మాస్టారు ఇంకాసేపు తెర వంక చూశారు. "మన రాజోలు ధర బాగానే ఉందిరా" అని లేచి, సంచీ భుజానికి తగిలించుకుని, బస్సు వేళయిందని వెళ్ళిపోయారు. దరఖాస్తు బయటికి తీయనే లేదు.

ఆఫీసు కట్టేసే వేళకి శ్యామ్ కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో పేజీ మూయడం మొదలెట్టాడు. కేశవరావుగారిదీ, గంగరాజుగారిదీ మొహమాటం లేకుండా మూసేశాడు. చివరిదాని దగ్గర చెయ్యి ఆగింది.

"అదొక్కటీ ఎందుకండీ, మూసేయండి" అన్నాను.

"నాన్నగారు తెరిచిందండీ" అన్నాడు.

తెర ఒక్కటి ఆర్పి, కంప్యూటరు అలాగే వదిలి, తాళం వేసుకుని వచ్చేశాం. కరెంటు బిల్లు సంగతి నేనెత్తలేదు.