సీమగుడ్లకు తెలుగు రాదనుకున్నారు

పెనుకొండ పక్క పల్లెల్లో ఏ ఇంట్లోనైనా కోడి పొదుగుకు కూర్చుందంటే ఆ ఇంట్లో నోళ్ళు మూతబడేవి. గంపలో ఇసుక పోసి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఓ ఇనుపముక్క పెట్టి, కోడిని కూర్చోబెట్టినాక ఆ చుట్టుపక్కల ఎవరూ ఇంటి గుట్టు మాట్లాడేవాళ్ళు కాదు. గుడ్డులో ఉన్న పిల్ల అంతా వింటుంది గదా! పెంకు పగలగొట్టుకొని బయటికి రాగానే, విన్నదంతా ఎవరి మాట వాళ్ళ గొంతుతోనే అప్పజెప్పేస్తుంది. ఒళ్ళు ఆరిందంటే మాత్రం ఇక కియ్ కియ్ అనడమే. అందుకే అత్తాకోడళ్ళు జగడమాడుకోవాలన్నా దూరంగా కళ్ళం దాకా పోయి ఆడుకొని వచ్చేవాళ్ళు.

నీలావతి చేత్తో పొదగేస్తే మురిగిపోయే గుడ్డే ఉండదని ఊళ్ళో పేరు. బ్లాకాఫీసుకు పరదేశపు తెల్లకోళ్ళు వచ్చిన ఏడాది, గ్రామసేవకుడు ఆ గుడ్లు తీసుకొని నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఈ సీమకోళ్ళు గుడ్లు పెడతాయి గానీ పొదగవమ్మా. మీ నాటుకోడి కింద పెట్టి చూడండి" అన్నాడు.

నీలావతి తన ఎర్రకోడిని కూర్చోబెట్టింది. పరాయి గుడ్లని పొడుస్తుందేమోనని భయపడింది గానీ, అది రెక్కలు విప్పి అన్నిటినీ కడుపు కిందికి లాక్కుంది.

నీలావతి మొగుడు రంగప్ప ఆమెకు సొంత మేనమామే, తల్లి నాగేంద్రమ్మకు తమ్ముడు. పెండ్లయి ఏండ్లు గడిచినా బిడ్డల్లేరు. నీలావతి తన చెల్లెలు పుష్పావతినే చంకనేసుకొని సాకింది. తలకు నూనె పెట్టి, తన పళ్ళెంలో ముద్ద దాని నోట్లో పెట్టి పెంచింది. ఇప్పుడా పిల్ల పెండ్లీడుకొచ్చింది. తల్లీ చెల్లెలూ వచ్చి కొన్నాళ్ళుగా తన ఇంట్లోనే ఉన్నారని నీలావతికి ఎంత సంబరమో, పిచ్చిది!

ఒకనాడు చేను నుంచి వచ్చేసరికి తల్లీ, మొగుడూ గంప పక్కనే కూర్చుని గుసగుసలాడుతున్నారు.

"అమ్మా, ఆడ మాట్లాడొద్దు. కోడి పొదుగుతాండాది."

"పోవే! సీమగుడ్లకు తెలుగెట్లొస్తాది?" అని నాగేంద్రమ్మ పకపకా నవ్వింది. నీలావతికీ అది నిజమే అనిపించింది.

కొన్నాళ్ళకు మడకశిరలో పిన్నమ్మకు ఒంట్లో బాగలేదని, నాలుగు దినాలుండి చూసుకొని రమ్మని నాగేంద్రమ్మ పొద్దున్నే మూట కట్టించింది. బస్సుకు ఇంకా టైముంది. పోయేముందు కోడిని ఒకసారి చూసి పోదామని నీలావతి గంప దగ్గరికి వచ్చింది. గుడ్లు చిట్లుతున్నాయి.

మొదటి పిల్ల తడి తల బయటపెట్టి, అచ్చం నాగేంద్రమ్మ గొంతుతో అంది: "పెద్దదాన్ని మడకశిరకు తోలితే అడ్డముండదు రంగా. అదొచ్చేలోగా చిన్నదాని మెడలో తాళి కట్టెయ్."

రెండోది రంగప్ప గొంతుతో అడిగింది: "అది ఏడిస్తే ఎట్లక్కా?"

మూడోదానిది మళ్ళీ నాగేంద్రమ్మ గొంతే. "ఏడిస్తే ఏడుస్తాది. రేపు పుట్టే బిడ్డల్ని అదే సాకుతాది. పొదిగే కోడికి ఎవరి గుడ్డయితే ఏమి?"

నీలావతి గంప పక్కనే కూర్చుండిపోయింది. కన్నతల్లే! ఇంత పని చేస్తుందా! "పుష్పకు తెలిసుండదు. పసిది, దానికేం తెలుస్తాది" అని పైకే అనుకుంది.

ఇంకో గుడ్డు పగిలింది. "అక్కకు చెప్పొద్దమ్మా, ఏడ్చి చెడగొడతాది" అంది పిల్ల, పుష్పావతి గొంతుతో. "నాకు ధర్మవరం పట్టుచీరే కావల్ల. అక్క పెండ్లప్పుడు కట్టినట్ల నూలుచీర నాకొద్దు."

అప్పటికి ముగ్గురూ వచ్చి నిలబడ్డారు. రంగప్ప నేల చూపులు చూశాడు. పుష్పావతి తలుపు చాటుకు పోయింది. నాగేంద్రమ్మే నోరు విప్పింది.

"నీ సంసారం నిలబడల్లనే గదే..."

"నన్ను అడిగింటే నేనే ఒప్పుకునేదాన్నేమో గదమ్మా" అంది నీలావతి. "ముగ్గురుండి, ఒక్కరన్నా అడగకపోతిరే!"

ఆమె ఎర్రకోడిని ఎత్తి చంకలో పెట్టుకొని, రెండో చేత్తో మూట అందుకొంది. ఒళ్ళు ఆరిన తెల్లపిల్లలు కియ్ కియ్ మని అరిచాయి. కోడి గింజుకొని కిందికి దూకింది. గంపలోకి పోయి పిల్లల మీద రెక్కలు పరిచింది. నీలావతి దాన్ని చాలాసేపు చూసింది.

"నువ్వుండు తల్లీ. నేను పోతాండా" అంది.

రోడ్డు మీదికి వచ్చేదాకా నాగేంద్రమ్మ వెంటబడి వచ్చింది. "పోతే పో! చిన్నదానికి పుట్టే బిడ్డల్ని ఎవరు సాకల్లే?" అని అరిచింది.

మడకశిర బస్సు వచ్చి ఆగి, వెళ్ళిపోయింది. దాని వెనకే వచ్చిన హిందూపురం బస్సును నీలావతి చెయ్యెత్తి నిలిపింది.