సీలు తియ్యని పిల్లి

ఆదివారం పొద్దున వకుళ లేచేసరికి మినప పెట్టెలో ఉంది.

పిల్లి పెట్టెలో ఉండటం వింతేమీ కాదు. చెప్పుల డబ్బా కనపడితే చాలు, తన ఒళ్ళెంతో మరిచిపోయి దూరే జాతి అది. కానీ ఇది కంపెనీ పెట్టె. ముందువైపు ప్లాస్టిక్ అద్దం, పైన కొక్కేనికి తగిలించడానికి కన్నం, అంచుల చుట్టూ ఎవరూ ముట్టని సీలు. అద్దం వెనక మినప బాసింపట్టు వేసినట్టు కూర్చొని, వకుళను చూసి ఒకసారి కళ్ళు మూసి తెరుస్తుంది. పెట్టె మీద నీలం అక్షరాలతో దాని పేరు అచ్చయి ఉంది.

వకుళ నోట్లో బ్రష్షుతోనే గొంతుక్కూర్చొని పెట్టె మూలలు చూస్తుంది. ఒక్క మూలా నలగలేదు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అంటారు కదా. ముందు మూలలు చూసి ఆ తర్వాత పిల్లిని చూసే మనిషి విశాఖపట్నం మొత్తానికి ఈమె ఒక్కతే అయి ఉంటుంది.

ఆమెకు ముప్పై ఏడేళ్ళు. ద్వారకానగర్‌లో కళ్ళజోళ్ళ షాపులో పని. మిగతా బతుకంతా బొమ్మలు. చిన్నప్పుడు టీవీలో 'నీలిగ్రహం పహరా' అని ఒక కార్టూన్ సీరియల్ వచ్చేది. చివరి భాగం రాకుండానే ఆగిపోయింది. అందరూ తిట్టుకుని మరిచిపోయారు గానీ వకుళకు మాత్రం అలా ఆగిపోవడమే నచ్చింది. చివరి భాగం రాలేదు కాబట్టి అందులో ఎవరూ చనిపోలేదు. అప్పటినుంచి ఆ సీరియల్ బొమ్మలూ స్టిక్కర్లూ, చెవులున్న కాఫీ కప్పులూ, కప్ప ఆకారంలో ఉన్న స్టేప్లర్లూ, ముద్దొచ్చేది ఏది కనపడినా ఇంటికి తెస్తుంది. తెచ్చినదాన్ని తెరవదు. మూత ఎక్కడైనా వదులుగా ఉంటే చిన్న టేపు ముక్క అంటించి, గోటితో నున్నగా రాసి, అలమరలో పెడుతుంది. తెరిస్తే అయిపోతుంది అని ఆమె నమ్మకం.

ఇప్పుడు జరిగిందేమిటో ఆమెకు బాగానే తెలుసు. నిన్న సాయంత్రం డాక్టరమ్మ మినప పొట్ట నొక్కి చూసి, కిడ్నీలు పాడైపోయాయని, ఇంక ఎంతో కాలం ఉండదని చెప్పింది. పద్నాలుగేళ్ళ పిల్లి. ఇంటికి రాగానే అది కొత్తగా వచ్చిన అట్టపెట్టెలో దూరి నిద్రపోయింది. వకుళ పక్కన కూర్చొని చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే, చేతుల అలవాటు కొద్దీ, పెట్టె అంచుకు ఒక టేపు ముక్క అంటించి గోటితో రాసింది. అంతే. మిగతాది పెట్టె చూసుకుంది.

లోపల మినప నిగనిగలాడుతోంది. చిరిగిన ఎడమ చెవి అతుక్కుపోయింది. కొత్త మినుముల్లా నల్లటి బొచ్చు. దాని పక్కన అచ్చుపోసిన గుంటల్లో స్టీలు గిన్నె, కొరికిన రబ్బరు బ్యాండు, మైసూర్‌పాక్ ముక్కంత మధ్యాహ్నపు ఎండ బిగించి ఉన్నాయి. వకుళకు గుండె తేలికపడుతుంది. ఇంక దీనికేమీ కాదు అనుకుంటుంది.

కింద వాటాలో ఉండే నూకరత్నం రోజూలాగే పళ్ళెంలో కానాగంత చేప తల పట్టుకొని మేడెక్కుతుంది. ఈ వాటాకు వచ్చిన రోజునుంచీ వకుళ ఆమెను అత్తా అనే పిలుస్తుంది. ఆ అత్తకు మాత్రం వకుళ కంటే మినపే దగ్గరి చుట్టం.

"ఏటమ్మా, ఇది లోపల కూకుండిపోనాది?"

"సీలు పడిపోయిందత్తా."

"తీసీవచ్చు కదేటి."

"తీస్తే మళ్ళీ ముసలిదైపోద్ది."

"తియ్యకపోతే?"

"ఇలాగే ఉంటాది. ఎప్పటికీ."

నూకరత్నం నడుం మీద చెయ్యి వేసుకొని ఆలోచిస్తుంది. "మరి ఆకలో?"

"వెయ్యదు."

"ఆకలెయ్యని పిల్లేటి పిల్లమ్మా! గోడకి తగిలించుకో, కేలండర్లాగ." ఆమె పళ్ళేన్ని పెట్టె ముందే పెట్టి దిగిపోతుంది. చేప తలను మినప చూస్తుంది. మనం పుస్తకంలో బొమ్మను చూసినట్టు చూస్తుంది, అంతే. వకుళ ఆ పళ్ళెం తీసి వంటగట్టు మీద పెట్టి మూత వేస్తుంది.

నెలకో ఆదివారం బీచ్ రోడ్డు దగ్గర ఒక టిఫిన్ హోటలు పైన హాల్లో వకుళలాంటి వాళ్ళు కలుస్తారు. ఎవరికి ఏం దొరికితే అది తెచ్చి బల్ల మీద పెడతారు. అందరూ చూడటం అయ్యేదాకా ఎవరూ దాన్ని ముట్టకూడదు. ఎక్కడ దొరికిందో తెచ్చినవాళ్ళు చెప్పాలి. చెప్పాక అందరూ కలిసి "పదిలం" అనాలి. గుళ్ళో గోవింద కొట్టినట్టే ఉంటుంది.

వకుళ పెట్టెను ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కుతుంది. ఇదివరకు మినపను బస్సెక్కించడమంటే యుద్ధమే. దారి పొడుగునా అరుపులు, దిగేసరికి చేతుల నిండా గీతలు. ఇవాళ ఎంత బుద్ధిగా ఉందో అనుకుంటుంది. రెండు స్టాపులు దాటాక తన చేతులు చూసుకుంటుంది. ఒక్క గీతా లేదు. ఎందుకో ఏడుపొస్తుంది.

హాల్లో పెద్దమనిషి రాజమన్నారు. ఒకప్పుడు పోర్టులో క్రేను నడిపేవాడు. తెల్ల మీసాలు, రోబో బొమ్మున్న నల్ల టీషర్టు. ఆయన అద్దాలు పైకి జరుపుకొని పెట్టె చుట్టూ తిరుగుతాడు. మిగతావాళ్ళు ఊపిరి బిగపట్టి చూస్తారు. పెట్టెలో పిల్లి ఉన్నందుకు ఎవరూ ఆశ్చర్యపోరు. మూలలు నలగనందుకు ఆశ్చర్యపోతారు.

"ఎక్కడ దొరికిందమ్మా?"

"పాత కామిక్సు అమ్మే ఫుట్‌పాత్ మీద సార్. పద్నాలుగేళ్ళయింది. వాన పడుతోంది. పుస్తకాల మీద కప్పిన బరకం కింద ఉంది, అరచెయ్యంత. నా చేతిలో 'నీలిగ్రహం పహరా' కామిక్సు మొదటి సంచిక ఉంది. మళ్ళీ దొరకదు. దాన్ని అక్కడ పెట్టేసి దీన్ని చున్నీలో చుట్టుకొచ్చేశాను."

మొదటి సంచిక పెట్టేసిందని వినగానే ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. అందరూ ఒక్క గొంతుతో "పదిలం" అంటారు.

ఆ మాటకి బల్ల కాస్త పొడుగవుతుంది. పెట్టె అటువైపుకు జరుగుతుంది.

"బొచ్చు చూడండర్రా, అచ్చు మొదటి రోజులాగే" అని ఎవరో మెచ్చుకుంటారు. బల్ల ఇంకో మూర పెరుగుతుంది. "అందులో ఎండ కూడా వాడిపోలేదు" అని ఇంకెవరో అంటారు. హోటలువాళ్ళు కొత్త భాగం మీద గుడ్డతో తుడిచి నీళ్ళ గ్లాసులు సర్దేస్తారు. పొగడ్తలు ఆగవు, బల్లా ఆగదు. కాసేపటికి మినప మొహం వకుళకు కనపడటం మానేస్తుంది. దూరంగా నల్లటి చుక్క ఒకటి ఉంటుంది. అది పిల్లో, బల్ల మీద పడ్డ కాఫీ మరకో తెలియదు.

వకుళ లేచి బల్ల వెంట నడుస్తుంది. బయల్దేరినప్పుడు ఇడ్లీలు వడ్డిస్తున్నారు. దారిలో వడలు దాటుతుంది, ఉప్మా దాటుతుంది. కాళ్ళు లాగుతాయి. కాఫీల దగ్గరికి వచ్చేసరికి పెట్టె చేతికందుతుంది. రాజమన్నారు పెట్టె పక్కనే ఉన్నాడు. బల్ల కొస ఎక్కడుంటే పెద్దమనిషి అక్కడే ఉండాలి కదా.

ఆమె వంగి ప్లాస్టిక్‌కు చెవి ఆనిస్తుంది. మినప ఆమెను చూసి నోరు తెరుస్తుంది. గుండ్రంగా, గులాబీ రంగులో. అరుపు రాదు. వకుళ గోటితో అద్దం మీద గీరుతుంది. దానికి గడ్డం కింద అలా గీరితే చాలు, గురగుర మొదలయ్యేది, మంచం కోళ్ళదాకా తెలిసేది. ఇప్పుడేమీ లేదు. పెట్టె లోపల వస్తువుల నిశ్శబ్దం ఉంది.

"సార్, గురగుర లేదు."

"అన్నీ ఒకే పెట్టెలో రావమ్మా" అంటాడాయన నెమ్మదిగా. "వచ్చిందాంతో సరిపెట్టుకోవాలి. తెరవకు. నా మాటిను. అద్దాల బీరువా నేనిస్తాను."

 గోడ మీది పిల్లి అని మనుషుల్ని అంటారు గానీ, నిజానికి పిల్లికి ఎటు దూకాలో ఎప్పుడూ తెలుసు. తెలియనిది మనిషికే. తెరిస్తే మినప చచ్చిపోతుంది, ఇవాళ కాకపోతే త్వరలో. తెరవకపోతే ఎన్నటికీ చావదు. కానీ ఉన్నట్టా?

రాజమన్నారు పక్కన కుర్చీలో కూలబడతాడు. "మా ఇంట్లో ఒక పొద్దున్న ఉన్నాదమ్మా సీలుతో. మా ఆవిడ కాఫీ పెట్టిన పొద్దున్న. ఆఖరిసారి. ఆవిడ పోయి పదకొండేళ్ళయినాది, కాఫీ మీద పొగ కూడా తగ్గలేదు."

"తాగలేదా సార్?"

"తాగితే అయిపోదేటి?"

"వాసనైనా వస్తోందా?"

 ముందు మీసం సర్దుకుంటాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి టీషర్టుకు తుడుచుకుంటాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"సీలుంది కదమ్మా" అంటాడు చివరికి. 

వకుళ పెట్టెను ఒళ్ళోకి తీసుకుంటుంది. అంచు వెంట వేలు జరుపుతూ పోతే తను అంటించిన టేపు కొస తగులుతుంది. అంటించడం ఆ వేళ్ళకు వచ్చు. తియ్యడం ఎప్పుడూ చెయ్యలేదు. గోరు రెండుసార్లు జారిపోతుంది.  మూడోసారి పట్టు దొరుకుతుంది. టేపు ఊడే చప్పుడుకు బల్ల పొడుగునా జనం మొహాలు తిప్పుకుంటారు. ఒకావిడ చెవులు మూసుకుంటుంది. అట్ట చిరుగుతుంది. ఒక మూల నలుగుతుంది, ఇంకో మూల నలుగుతుంది. తర్వాత మూలలు లేవు.

ముందు ఎండ ముక్క బయటకు జారి బల్ల మీద కరిగిపోతుంది. వెనకాలే మినప దిగుతుంది. చెవి చిరిగి ఉంది. నడుం మీద ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. చేపల వాసన, మందుల వాసన. ఇంతసేపు లోపల ఉంచినందుకు వకుళ బొటనవేలు గట్టిగా కొరికి, ఆ తర్వాత ఒళ్ళో మూడు చుట్లు తిరిగి పడుకుంటుంది. వేలి మీద రక్తపు చుక్క పైకి వస్తుంది. వకుళకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

గురగుర మొదలవుతుంది. బల్ల మీద గ్లాసుల్లో నీళ్ళు వణుకుతాయి.

"ఇంక దీనికి విలువేటీ లేదమ్మా" అంటాడు రాజమన్నారు, తిట్టినట్టు కాదు, ఓదార్చినట్టు.

"లేదు సార్" అంటుంది వకుళ.

మినప పొడుగ్గా ఒక ఊపిరి వదులుతుంది. ఆ ఊపిరితో పాటు దాని డొక్కల దగ్గరనుంచి, దానికి మిగిలిన రోజుల్లో ఒకటి బయటికొస్తుంది. బూడిద రంగు, పిల్లికూన అంత, కళ్ళు ఇంకా సరిగా తెరుచుకోలేదు. వాన పడే మంగళవారమని చూడగానే తెలుస్తుంది. అది వకుళ మోకాలు దిగి, బల్ల అంచు వాసన చూసి, మెట్ల వైపు పోతుంది. మినప ఒక పిసరు తేలికవుతుంది. ఇంకో ఊపిరికి ఇంకో రోజు. దీనికి పసుపు చారలున్నాయి, ఆడుకునే రోజు, ఎవరి చెప్పు దొరికితే దాన్ని కొరుకుతూ పోతుంది.

"ఎన్నున్నాయో లెక్కెట్టనా?" అంటాడు రాజమన్నారు.

"వద్దు సార్. పాలుంటే పొయ్యండి."

ఆయన లేచి హోటలువాళ్ళ దగ్గర పాలు తెచ్చి సాసర్లో పోస్తాడు. పోసేటప్పుడు వేడి పాల వాసన మొహానికి తగిలి, గిన్నె పట్టుకొని అలాగే నిలబడిపోతాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి ఇంటికి బయల్దేరతాడు. ముసలాయన అంత వేగంగా నడవడం ఎవరూ చూడలేదు.

కింద తలుపు దానంతట అదే మూసుకుపోతూ ఉంటుంది. వకుళ మినపను భుజాన వేసుకొని, సాసరు పట్టుకొని దిగి, దాన్ని గడప దగ్గర పెట్టి, తలుపును వీపుతో నెట్టి పట్టుకుంటుంది. రోజులు ఒక్కొక్కటే దిగి, పాలు రుచి చూసి, గడప దాటి, బీచ్ రోడ్డు మీద ఆగిన బస్సుల కిందనుంచి సముద్రం వైపు పోతాయి. ఒక్కదాన్నీ ఆమె పట్టుకోదు. ఒకటి మాత్రం కుంటుతూ వస్తుంది. సూది మందు వాసన. అది చెడ్డ రోజని ఆమెకు అర్థమవుతుంది. దాన్ని అడ్డుకోదు. వంగి ఎత్తుకొని, తల నిమిరి, తన చేత్తోనే గడప దాటిస్తుంది.

దాని వెనకాల వచ్చిన రోజు బయటికి పోదు. సాసరు ముందు కూర్చొని వకుళ మొహంలోకి చూస్తుంది. దాని నోటి దగ్గర ఆమె వేలి రక్తం ఇంకా ఆరలేదు. ఇది ఈవేళే.

"తొందరేం లేదమ్మా, మెల్లిగా తాగు" అంటుంది వకుళ.

ఈవేళ పాలు తాగుతుంది. పాలు తగ్గుతూనే ఉన్నాయి. వకుళ వీపుతో తలుపు పట్టుకొని, రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉంది.