చిన్నగది గొళ్ళెం

నా భార్య మూడేళ్ళపాటు రోజూ సాయంత్రం పావుగంట నా నుంచి పారిపోయింది. గడప దాటకుండానే పారిపోయింది. పొయ్యి ముందు నిలబడి, గరిటె తిప్పుతూ, చెవిలో ఫోను వైరు పెట్టుకుని వెళ్ళిపోయేది. ఇందులో వాదనకి చోటు లేదు. నేను పక్కగదిలోనే ఉన్నాను. నాకు తెలియలేదు.

నేను వడ్రంగిని. ఈ ఇంట్లో తలుపులన్నీ నేను చేసినవే. ఆమె ఆస్పత్రిలో బట్టల విభాగంలో పని చేసేది. ఉతికి ఆరిన దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు మడతపెట్టి, మూటలు కట్టి వార్డులకి పంపడం ఆమె పని. ఆ గది నేల కింద ఉంటుంది. వెనకవైపు పది మెట్లు దిగాలి. రోజంతా అక్కడ మడతలు పెట్టి, ఇంటికి వచ్చాక మా బట్టలు మడతపెట్టేది. అలమర తెరిస్తే నా చొక్కా ఎప్పుడూ మడతపెట్టే ఉండేది. చొక్కా అంటే అలాగే ఉంటుందని నేను అనుకునేవాణ్ణి. ఆమె పోయి ఏడు నెలలైంది. చొక్కా అలా ఉండదని ఇప్పుడు తెలుసు.

మా అమ్మ ఆమెని మొద్దు అనేది. పెళ్ళయిన వారానికే మొదలైంది. ఏదో అడిగితే వెంటనే జవాబు చెప్పకుండా ఆలోచించిందట. "అడిగినదానికి గోడలా చూస్తోంది, మొద్దు" అంది అమ్మ. ఆ మాట నిలిచిపోయింది. అసలు పేరు కాగితాల మీద మిగిలింది. ఇంటికి ఎవరైనా వస్తే నేను కూడా అందుకునేవాణ్ణి. "వడ్రంగి ఇంట్లో మొద్దు లేకపోతే ఎలాగండీ" అనేవాణ్ణి. వచ్చినవాళ్ళు నవ్వేవారు. ఆమె కాఫీ గ్లాసులు అందించి లోపలికి వెళ్ళిపోయేది. అదే జోకు నేను ఇరవై ఏడేళ్ళలో ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆమె మొహం చూడలేదు.

పోవడానికి మూడేళ్ళ ముందు, పనినుంచి రాగానే చిన్నగదిలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకోవడం మొదలుపెట్టింది. చిన్నగది అంటే పెట్టెలు, పాత పరుపులు పడేసే గది. లోపల ఏదో గొణిగేది. పావుగంటకి బయటికి వచ్చి టీ పెట్టేది. నాకు టీ పావుగంట ఆలస్యమైంది. ఇంట్లో జరిగిన మార్పు నాకు అంతవరకే కనిపించింది.

"ఏమే, లోపల ఎవరితో మాటలు?"

"నాతోనేనండీ."

"నీతో నువ్వు మాట్లాడుకునేంత విషయం నీ దగ్గర ఏముంది?"

ఆమె నెమ్మదిగా చెప్పింది. మెడనొప్పికి ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించే మేడమ్ నేర్పిందట. సెల్ఫ్ హిప్నాటిజమట. కళ్ళు మూసుకుని, ఊపిరి మెల్లగా వదిలి, పది మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోవాలి. మనసు కుదుటపడ్డాక తన గురించి ఒక మంచి మాట తనే చెప్పుకోవాలి. చెప్పుకునేటప్పుడు బొటనవేలూ మధ్యవేలూ కలిపి నొక్కాలి. అలవాటైతే, ఎక్కడున్నా వేళ్ళు కలిపితే చాలు, మనసు ఆ చోటికి వెళ్ళిపోతుంది. తన మీద తనకి నమ్మకం వస్తుంది. ఆమె నాతో ఒక్క బిగిన అంత మాట్లాడటం అదే మొదటిసారి. మధ్యలో ఆపలేదు, నవ్వు పట్టుకుని విన్నాను. విన్నాక నవ్వాను.

అమ్మ మంచం మీదనుంచే అంది, "మొద్దు తన నిద్రకి కొత్త పేరు పెట్టుకుంది."

రెండు రోజుల తరవాత అన్నం వడ్డిస్తూ నన్ను ఒకటి అడిగింది. గరిటె గిన్నెలోనే ఉంచి, నా మొహం చూడకుండా అడిగింది.

"నా గురించి ఒక మంచి మాట చెప్పండి."

"ఎందుకు?"

"కావాలి. నేను 'మొద్దును కాను' అని అనుకుంటుంటే మేడమ్ వద్దంది. కాను అనే మాట మనసుకి ఎక్కదట, మొద్దు ఒక్కటే ఎక్కుతుందట. ఉన్న మంచి మాటే చెప్పుకోవాలట. రెండు రోజులుగా వెతుకుతున్నాను, దొరకట్లేదు. మీరు చూస్తూనే ఉన్నారుగా ఇన్నేళ్ళుగా."

"కూరలో ఉప్పు సరిగ్గా వేస్తావు" అన్నాను. ఒక ముద్ద తిన్నాను. "ఇవాళ అదీ లేదు."

అమ్మ విరగబడి నవ్వింది. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి నా పక్కన పెట్టింది.

ఆ మర్నాడు చిన్నగది గొళ్ళెం ఊడదీశాను. పెద్దావిడ పిలిస్తే లోపల వినపడటం లేదని కారణం చెప్పాను. నాలుగు మరలు. ఐదు నిమిషాల పని. చిల్లుల్లో రంపపు పొట్టూ బంకా కలిపి పూడ్చాను, పైన నున్నగా రుద్దాను. చేత్తో తడిమితే తెలియదు. కంటికి తెలుస్తుంది. ఆమె సాయంత్రం వచ్చి తలుపు వేసుకుంది, అది దానంతటదే తెరుచుకుంది. ఇంకోసారి వేసింది, మళ్ళీ తెరుచుకుంది. మూడోసారి ప్రయత్నించలేదు. వెళ్ళి టీ పెట్టింది. నాకు టీ సమయానికి అందింది.

తరవాత చెవిలో వైరు మొదలైంది.

"ఏంటది?"

"పాటలండీ."

నాకు తెలిసి ఆమె నాతో చెప్పిన అబద్ధం అదొక్కటే.

ఆ ఏడాదే ఆస్పత్రిలో ఆమెని బట్టల విభాగానికి ఇన్‌ఛార్జిని చేశారు. పదిమంది ఆడవాళ్ళ మీద. ఇంటికి వచ్చి చెప్పింది. "అయితే ఇంక రోజూ ఆలస్యంగా వస్తావన్నమాట" అన్నాను. అమ్మ "పదిమంది మొద్దులకి పెద్ద మొద్దు" అంది. ఆమె చెయ్యి చీర కుచ్చిళ్ళ దగ్గర ఉంది. వేళ్ళు రెండు కలిసి ఉన్నాయి. చూశాను. వాతనొప్పి అనుకున్నాను. ఆ తరవాత చాలాసార్లు చూశాను. నేను నలుగురిలో ఆమె మాట మధ్యలో తుంచేసినప్పుడు, అమ్మ కంచం తోసేసినప్పుడు, పండక్కి వచ్చి పడిన నా చుట్టాలకి ఆమె ఒంటిచేత్తో వండిపెడుతుంటే నేను పేకాటలోంచి కేకేసినప్పుడు. మందు రాసుకోమన్నాను ఒకసారి. "తగ్గుతోందండీ" అంది.

పనిలో ఉండగానే పడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. పై అంతస్తులో వేశారు. ఆమె చేత్తో మడతపెట్టిన దుప్పట్లలో ఒకటి ఆమె మీద కప్పారు. రెండో రోజు మధ్యాహ్నం నన్ను లోపలికి పంపారు. కళ్ళు మూసుకుని ఉంది. పక్కన కూర్చుని "ఏమే, వినబడుతోందా" అన్నాను. దుప్పటి మీద కుడిచెయ్యి కదిలింది. బొటనవేలు మధ్యవేలిని వెతుక్కుంది. దొరికింది. రెండూ గట్టిగా నొక్కుకున్నాయి.

నర్సుతో చెప్పాను, "చూడండమ్మా, నన్ను గుర్తుపట్టింది."

ఆమె పోయాక ఆ సంతోషంతో రెండు నెలలు బతికాను. వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. నా గొంతు వినగానే చెయ్యి కదిపిందని, చివరిదాకా నన్నే తలుచుకుందని. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

రెండు నెలలకి ఆమె కింద పనిచేసిన ఆడవాళ్ళు ముగ్గురు ఇంటికి వచ్చారు. అందులో పొడుగు మనిషి ఒకామె ఉంది. దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి, ఆ రెండో మనిషి ఈమె. పదేళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు. నా కూతురు కూడా ఆ రోజు ఇంట్లోనే ఉంది.

"బావగారూ, అక్క ఫోనులో ఒక రికార్డు ఉండాలి. మాకు కావాలి" అంది పొడుగామె.

"ఏం రికార్డు?"

"పొద్దున్నే పని మొదలుపెట్టేముందు అక్క మమ్మల్ని కూర్చోబెట్టి పది మెట్లు దింపేది. కళ్ళు మూసుకుని దిగేవాళ్ళం. ముందు తనకోసం రికార్డు చేసుకుంది, నేనే ఫోను పట్టుకున్నాను. ఇప్పుడు మేం చెప్పుకుంటుంటే కుదరట్లేదు. అక్క గొంతు కావాలి." ఆమె మాట్లాడుతూనే చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలు, మధ్యవేలు. పక్కనున్న ఇద్దరివీ చూశాను. అవే వేళ్ళు.

"ఆ వేళ్ళు ఎందుకు?" అన్నాను.

"ఇంట్లో ఎవరైనా మాట విసిరినప్పుడు ఇలా నొక్కుకోమంది అక్క. నొక్కుకుంటే మన చోటుకి మనం వెళ్ళిపోతాం. ఆ మాట తగలదు."

ఆస్పత్రి మంచం గుర్తొచ్చింది. నర్సుకి నేను చెప్పింది నిజమే. ఆమె నన్ను గుర్తుపట్టింది.

వాళ్ళు వెళ్ళాక కూతురు ఫోను వెతికి తీసింది. "నాన్నా, అమ్మ గొంతు ఉంది. వింటావా" అంది. వింటానన్నాను. ఆ పిల్ల ఫోను బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముందే వినేసిందని అప్పుడు అర్థమైంది.

"కూర్చోండి. మీకు తొందరేం లేదు. నన్ను నేను మీరు అంటున్నాను, ఇంతవరకు ఎవరూ అనలేదుగా, నేనైనా అనాలి. నవ్వకే పొడుగుదానా, రికార్డవుతోంది. సరే. ఊపిరి వదలండి. మన వెనకమెట్లే ఇవి. పైన ఉన్నారు. పది. ఇవాళ చేతుల్లో మూట లేదు, చేతులు ఊపుకుంటూ దిగవచ్చు. పొయ్యి మీద పాలున్నాయి. పొంగితే పొంగనివ్వండి. తొమ్మిది. అత్తగారు పిలుస్తున్నారు. నీళ్ళ గ్లాసు ఆవిడ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే పెట్టి వచ్చారు మీరు. ఎనిమిది. ఆయన చొక్కాకి గుండీ ఊడింది. సూదీ దారం ఎక్కడుంటాయో ఆయనకి ఇన్నేళ్ళుగా తెలియదు, ఇంకో పావుగంట తెలియకపోతే కొంప మునగదు. ఏడు. ఆఫీసు సారు, 'నువ్వు నోరు విప్పితే వినేదెవరు' అన్నారు. ఆ మాటని గోడవారగా పెట్టి దిగండి. ఆరు. అమ్మాయి చిన్నప్పుడు 'అమ్మకి ఏం తెలుసు నాన్నా' అంది, అది ఎక్కడ నేర్చుకుందో తెలుసు, దాన్ని ఏమీ అనకండి. ఐదు. ఈ మెట్టు అంచు విరిగి ఉంటుంది, చూసి దిగండి. ఆయన గొళ్ళెం ఊడదీసిన రోజు ఈ మెట్టు మీద ఉంది. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని ఈల వేసుకుంటూ వెళ్ళారట, అత్తగారు చెప్పారు. పెళ్ళయినప్పటినుంచీ నేను ఆయన్ని చీర అడగలేదు, నగ అడగలేదు, ఒక్క మాట అడిగాను. ఉప్పు గురించి చెప్పారు. పోనీ, గదిలోకి వెళ్ళి ఏడుద్దామనుకుంటే తలుపు నిలబడలేదు. ఏడవడానికి కూడా గొళ్ళెం కావాలి. లేదు కాబట్టి తలుపు లేని చోటు చూసుకున్నాను. ఆ రోజుని అక్కడే వదిలేయండి, మోసుకుంటూ కిందికి తేకండి. నాలుగు. మూడు. ఇంక పైవాళ్ళ గొంతులు అందవు. రెండు. ఉతికిన బట్టల వాసన. ఒకటి. వచ్చేశారు. ఇక్కడ అన్నీ శుభ్రంగా ఉన్నాయి, అన్నీ మీరు సర్దినవే. వేళ్ళు కలపండి. మీ మాట చెప్పుకోండి."

కాసేపు మిషన్ల హోరు. నేను కుర్చీ అంచుకి వచ్చాను. నేను ఇవ్వని మాట బదులు ఆమెకి ఏం దొరికిందో తెలియాలి.

"నా మాట నేను వింటున్నాను."

మూడుసార్లు అంది. మూడోసారి ఆ గొంతు నేను ఎన్నడూ విననిది. తడబాటు లేదు. తరవాత, "ఒకటి, రెండు, మూడు, కళ్ళు తెరవండి. వెళ్ళి పాలు చూడండి" అంది. ఇద్దరు నవ్వుకోవడం వినిపించింది. ఆగిపోయింది.

కూర్చోలేకపోయాను. లేచి ముందుగదిలోకి వెళ్ళాను, మళ్ళీ వచ్చాను. చిన్నగది తలుపు గాలికి కొట్టుకుంటోంది. ఆ తలుపు మూడేళ్ళుగా కొట్టుకుంటోంది, నాకు ఆ రోజే వినపడింది. పూడ్చిన చిల్లుల మీద వేలు పెట్టాను. పూడ్చిన చిల్లులో మర పట్టదు. పక్కకి జరిపి కొత్తగా బిగించవచ్చు. లోపల ఉండాల్సిన మనిషి లేదు. అమ్మ మంచం మీదనుంచి పిలిచింది, "ఒసే మొద్దూ, నీళ్ళు." అమ్మకి మతి సరిగ్గా లేదు, ఇంకా ఆమెనే పిలుస్తుంది. నేనే వెళ్తాను. గ్లాసు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. తీసి చేతికిచ్చాను.

ఆమె మీద నాకు కోపం పోలేదు. నా మొహం మీద చెప్పి ఉండాల్సింది. చెబితే వినేవాణ్ణా. వినేవాణ్ణి కాదు. అడిగిన ఒక్కరోజూ ఉప్పు గురించి చెప్పాను. అయినా కోపం పోలేదు. అమ్మ మీద పోలేదు. నా మీద పోదు.

కూతురు వచ్చి నిలబడింది. "నాన్నా, వాళ్ళకి పంపాలి. నీకు ఇబ్బందైతే ఆ ఐదో మెట్టు కత్తిరించి పంపిస్తాను. తెలియకుండా అతికించవచ్చు."

"నా చిల్లుల్లాగా" అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. "కత్తిరించకు. ఉన్నదున్నట్టు పంపు."

పొడుగామెకి ఫోను చేసి ముందే చెప్పాను, "అందులో నేను ఉన్నానమ్మా."

"ఉంటే ఉన్నారులెండి బావగారూ. మా ఇళ్ళలోనూ ఉన్నారు" అంది.

ఐదో మెట్టు మీద నేను ఉన్నాను. రోజూ పొద్దున పదిమంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని నన్ను దాటి కిందికి దిగుతున్నారు. దిగనివ్వండి. చుట్టాలు అడుగుతున్నారు, చివర్లో ఆమె నీ గొంతు గుర్తుపట్టిందట కదా, ఇంకోసారి చెప్పు అని. చెప్పను. ఇది ఒక్కసారే, ఇక్కడే. దీని గురించి నా నోట ఇంక ఎవరూ వినరు.