గది కట్టేదాకా

తొర్రూరులో కుట్టుమిషను మీద బతికే స్వరూప ఆదివారం చర్చిలో ప్రభువు గిన్నెలోని ద్రాక్షరసం తాగిందట. సంగతి తెలియగానే అన్న ఐలేశ్, భార్య రజితను వెంటబెట్టుకుని తరిగొప్పుల నుంచి వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా అరుపులు లంకించుకున్నాడు.

"ఒక్క గుటకకే ఆయనదానివైపోయినవా? రేపట్నుంచి చర్చికి పోనని చెప్పు!"

స్వరూప గడప మీంచి కదల్లేదు.

"పోత. పూర్వం యూదుల పెండ్లి గట్లనే అన్నా. పెండ్లికొడుకు పిల్లకు వెలగట్టి ఓలి ఇచ్చి, పిల్ల ముందట గిన్నె పెడ్తడు. తాగిందంటే ఆమె ఆయన పెండ్లామే. ఆయన పోయి నాయిన ఇంట్ల గది కట్టి, మళ్లొచ్చి తీస్కపోతడు. నాకు ఓలి కింద ప్రభువు తన పానమే ఇచ్చిండు. నేను తాగిన."

"కట్టి ఎప్పుడొస్తడట?" వెటకారంగా నవ్వాడు ఐలేశ్.

"వదినెతోని పూలుపండ్లు అయి సంబంధం ఖాయమైనంక, బాపు ఇంటి మీద గది వేసేదాకా లగ్గం వద్దన్నది నువ్వు గాదా? ఆ నడుమ వదినెకు ఇంకో సంబంధం తెచ్చినోన్ని కట్టె వట్టుకొని ఉరికించినవు. అప్పుడు వదినె నీదైతే, ఇప్పుడు నేను ఆయనదాన్నే!"

ఐలేశ్ మొహం కందగడ్డయింది. భార్య వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు దీనికి" అన్నాడు.

రజిత చెప్పింది, మొగుడికే.

"స్లాబు ఎప్పుడు పడ్తదని ఒక్కనాడన్న అడిగిన్నా నిన్ను? వస్తనన్నవు. ఆగిన."