పెట్టుడు మందు

అన్నంలో మందు కలిపి మనిషి మనసును తిప్పేయవచ్చా? పెట్టుడు మందు అని మా వైపు అందరూ చెప్పే ఈ మాట మీద నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమే. పొద్దున్నే రాజన్న పటానికి దండం పెట్టుకుంటూ, దేవుడుండగా మనిషి అంత సులువుగా పాడవుతాడా అనుకునేవాణ్ని. పైకి ఎవరితోనూ అనలేదు.

నా తమ్ముడు కమలాకర్ మాతోనే ఉంటూ, మేం వలస వచ్చిన ఈ సచిన్ మిల్లుల పేటలో మరమగ్గాల మీద రాత్రి పాళీ చేస్తాడు. చాయ్, నమిలే మావా పొగాకు, దొరికితే పావ్ రొట్టె. అదే తిండి. ఏడాదిగా కడుపులో మంట, విరేచనాలు. తర్వాత నిద్ర పోయింది, నవ్వూ పోయింది. ఊరి నుంచి వచ్చిన ఒకాయన మందు కక్కిస్తానని ఏదో పసరు తాగించాడు. కక్కినదాన్ని పుల్లతో కదిపి, "పక్కింటి చెయ్యి" అన్నాడు.

పక్కింట్లో ఉండేది బుచ్చవ్వ, ఒంటరి మనిషి. కొన్నేళ్ల కిందట నా భార్య వినోద కాన్పుకు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా అన్నదమ్ములకు వండి పెట్టింది ఆమే.

అప్పటి నుంచి కమలాకర్ మా ఇంట్లోనూ ముద్ద ముట్టలేదు. గడపలో కూర్చుని ఆమె తలుపు వైపే చూసేవాడు. ఒక సాయంత్రం చూస్తే పిడికిట్లో దారాలు కోసే బ్లేడు.

"ఏందిరా ఇది?"

"ఆమెను బయటికి రానీ అన్నా. అడుగుత."

బ్లేడు లాక్కుని, మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లాను. "పేగులు చెడితే మనసు మీద పడుతుంది, మనసు చెడితే పేగుల మీద పడుతుంది. ఏది ముందో నేను చెప్పలేను. మనసు డాక్టరుకూ చూపించండి. ముందు వేళకు తినిపించండి, ఇలాగే పస్తుంటే మనిషి దక్కడు" అన్నాడు డాక్టరు హిందీలో.

ఎవరి చేత్తో తినిపించాలి?

"ముందుగాల ఆమె తినాలె," అన్నాడు కమలాకర్. "ఆమె బతికితే నేను తింట."

బుచ్చవ్వకు అంతా చెప్పాను, బ్లేడు సంగతితో సహా.

"నన్ను మందులదాన్ని జేసిండ్రు. ఇగ మీ ఇంటి మందు నేను తినాల్నా రాజమౌళీ?" అంది. తర్వాత కొంగు దోపుకుంది. "పా. వినోద ఉప్పు సక్కగ ఏస్తదో లేదో సూద్దాం."

వినోద జొన్నరవ్వతో వండిన గటకలో పెరుగు కలిపి పళ్లెం పెట్టింది. బుచ్చవ్వ వాడికి ఎదురుగా కూర్చుని ముద్ద మింగింది. వాడు రెప్ప వేయకుండా ఆమె గొంతునే చూశాడు. మరో ముద్ద. ఇంకొకటి. అప్పుడు వాడు పళ్లెం తన వైపు లాక్కుని, ఆమె గొంతు మీంచి చూపు తీయకుండానే ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

నేను బుచ్చవ్వకు వేరే పళ్లెంలో వడ్డించమని వినోదకు సైగ చేశాను. కాన్పునాటి అన్నానికి బదులు పెడతామని ఎన్నేళ్లుగా పిలిచినా రాని మనిషి, ఆ పూట మా ఇంట్లో కడుపు నిండా తిని లేచింది.