గంగులు చావలేదు

ఉప్పు కుప్ప మీద కాళ్ళు బారజాపుకుని, ఒళ్ళో వేయించిన వేరుశనక్కాయలు పోసుకుని, ఒక్కొక్కటే చిటుక్కుమనిపించి నోట్లో వేసుకుంటోంది తిరపతమ్మ, పోయి రెండేళ్ళు కావస్తున్న మనిషిలా కాదు, కలుపు తీసి వచ్చి కాసేపు నడుం వాల్చిన మనిషిలా. ఆమె మొగుడు మాలకొండయ్య తెల్లటి మడుల్లో మోకాలి లోతు నీళ్ళలో నడుస్తూనే ఉన్నాడు, ఎంత నడిచినా ఆ కుప్ప దగ్గర పడడం లేదు, కాయ చిట్లే చప్పుడు మాత్రం చెవి పక్కనే వినపడుతోంది.

ఆమె చచ్చిపోయిందని అతనికి తెలుసు. ఆశ్చర్యమేమీ లేదు. ఆమెను అడగాల్సింది ఒకటుంది, అది అడిగి వెళ్ళిపోవాలి, అంతే. ఆ రోజు ఆస్పత్రిలో డాక్టరు ఇక ఇంటికి తీసుకుపొమ్మని చెప్పాడు. అతను బండి మాట్లాడడానికి కిందికి దిగాడు. బండి దొరికించుకుని పైకి వచ్చేసరికి ఆమె మొహం మీద దుప్పటి కప్పేసి ఉంది. ఆ మధ్యలో ఏం జరిగింది? భయపడిందా? తలుపు వైపు చూసిందా? తనను పిలిచిందా? ఆ ముల్లు గొంతులో పెట్టుకునే ఇన్నాళ్ళూ నర్సును తిట్టాడు, డాక్టరును తిట్టాడు, దినానికి వచ్చి పప్పులో ఉప్పు తక్కువన్న బావమరిదిని మళ్ళీ గడప తొక్కనివ్వలేదు.

"ఏమే," అంటున్నాడు. "ఆ రోజు నేను కిందికి పోయినాక..."

"అది తర్వాత. ముందు ఇది చెప్పు," అంటోంది తిరపతమ్మ, పొట్టు ఊదుతూ. "కొఠారు రెండోది వచ్చిందంట గదా. ఎట్టా ఉంది?"

మాలకొండయ్య పళ్ళు కొరుక్కున్నాడు. చచ్చినా ఈమెకు ఇదే ధ్యాస. 'కొఠారు' వాళ్ళిద్దరూ కలిసి చూసిన ఆఖరి సినిమా. ఉప్పు పండించే కొఠార్ల కామందును గంగులు అనే కూలీ ఎదిరించే కథ. చివర్లో గంగులును కడుపులో పొడిచి ఉప్పుటేట్లోకి తోసేస్తారు. వాడు చచ్చాడని మాలకొండయ్య, చావలేదని తిరపతమ్మ. గేదెకు గడ్డి వేసేటప్పుడు అదే తగువు, పొగాకు తోరణాలు కట్టేటప్పుడు అదే తగువు, ఒకసారి ఎవరి పెళ్ళి బంతిలోనో ఆకు ముందు కూర్చుని కూడా అదే తగువు పడితే వడ్డించేవాడు సాంబారు బకెట్టు దించి మరీ విన్నాడు.

"చూడలా," అంటున్నాడు. "చూడను. మొదటిదాని కాలిగోటికి సరిపోదు."

"ఎట్టా?"

"మొదటిదాంట్లో గంగులు తెడ్డెత్తి కొడితే, అవతలోడి దవడ పగిలిన చప్పుడు మన దవడలో వినపడేది. దెబ్బ తగిల్తే వాడూ కుంటాడు. పాటొచ్చినా కుంటుతానే ఆడాడు. ఇప్పుడో? లారీ గుద్దినా చొక్కా నలగదు. వాడు చిటికేస్తే జనం గుంపులు గుంపులుగా గాల్లోకి లేస్తారు. వాళ్ళు మనుషులా, తూర్పారబట్టిన పొట్టా?"

తిరపతమ్మ నవ్వుతోంది. ఆమె నవ్వితే కుప్ప మీంచి ఉప్పు జలజలా జారి మడిలో పడుతోంది.

"కామందో?"

"ఆ కామందు పోయాడు గదా. పాతాయన మంచం మీద కూచుని, గొంతు పెంచకుండా, 'వాడి పొయ్యి ఆర్పండిరా' అంటే నా వీపున చెమట పట్టింది. ఈ కొత్తోడు విమానం దిగుతాడు. నల్ల కళ్ళద్దాలు. పక్కన ఒక చిరుతపులి. పులెందుకే? సినిమా అంతా అది చేసింది ఒకటే పని. ఆవలించింది."

"గౌరో? గంగులు పెళ్ళాం?"

"ఆ పిల్ల మొదటిదాంట్లో గంప దించి రౌడీ కళ్ళల్లో ఉప్పు కొట్టింది. మగాడి పోట్లాట మొత్తం ఒకెత్తు, ఆ గుప్పెడు ఉప్పు ఒకెత్తు. ఇప్పుడేమో మంచుకొండ మీద పల్చటి చీర కట్టి, చేతులు చాపి పాడిస్తారు. రొంప పట్టదూ?"

"చూడకుండానే ఇన్ని వంకలు పట్టుకున్నావే!"

మాలకొండయ్య ఆగిపోయాడు. నీళ్ళు ఇప్పుడు మోకాలి లోతు లేవు, కాళ్ళ కింద గచ్చు నేల ఉంది, ఆమె అదే కుప్ప మీద చేయి చాపితే అందేంత దగ్గరలో కూర్చుని ఉంది.

"ఇంటర్వెల్ దాకా చూశా," అన్నాడు.

"అట్టా చెప్పు. నువ్వు అసలు సంగతి చూడలేదయ్యా. మొదటిదాంట్లో వాడొక్కడే కొట్టాడు, మిగతా కూలోళ్ళు గోడ చాటున నిలబడి చూశారు. ఇంటర్వెల్ తర్వాత ఊరు ఊరంతా పారలు పట్టుకుని బయటికొస్తది. మొదటిది సొగసైందే, కాదన్ను. రెండోది పెద్దది. ఇంటిముందు ముగ్గుకీ, ఊరి జాతరకీ పోలికేందీ?"

"నీకెట్టా తెలుసు?"

"మాకు టికెట్టు లేదయ్యా. ఏ ఆటకైనా పోతాం."

ఆ మాటకు అతనికి నవ్వు రావలసింది. రాలేదు.

"అదంతా వదిలెయ్. చచ్చినోణ్ణి లేపారు. అది తప్పు. నీళ్ళలోంచి వాడు లేచి నిలబడితే హాలు హాలంతా లేచి గంతులేశారు. నేను లేవలా. చచ్చినోడు చచ్చినట్టు ఉండాల. లేస్తే అందరూ లేవాల. వాడొక్కడికే ఏందీ లేవడం?"

తిరపతమ్మ చేతిలో కాయ చిట్లలేదు. ఒళ్ళో పొట్టంతా దులుపుకుని లేచింది.

"వాడు లేవలేదయ్యా. వాడసలు చావలేదు. నువ్వు చూడలేదు."

"నా కళ్ళారా చూశా."

"యాడ చూశావు? సైకిల్ స్టాండులో చూశావా?"

దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. వాళ్ళు పోయే టౌను సినిమా హాల్లో బళ్ళన్నీ స్టాండులో ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. ఆట వదిలాక పోతే ఒక్కో బండీ లాగి, తిట్టుకుని, తోసుకుని బయట పడేసరికి ఇంకో ఆటకు జనం దిగేవారు. అందుకని ఆఖరి ఫైటు అయిందంటే చాలు, మగవాళ్ళు లేచి పరుగెత్తేవారు, ఆడవాళ్ళు నింపాదిగా చివరిదాకా చూసి వచ్చేవారు. మాలకొండయ్య జన్మలో ఏ సినిమా చివరా చూసి ఎరగడు. గంగులు మీద నీళ్ళు కమ్మగానే లేచి పోయి బండి తీశాడు. ఆ తర్వాత టీవీలో వేసినప్పుడల్లా, సరిగ్గా ఆ నీళ్ళ దగ్గరికి రాగానే కట్టేసేవాడు, పంతానికి.

"రా," అంటోంది ఆమె, చేయి పట్టుకుని. ఆ చేయి వెచ్చగా ఉంది. ఉప్పు మెట్లయింది, మెట్లు ఆస్పత్రి మెట్లలా ఆకుపచ్చ రంగు పూసి ఉన్నాయి, పైన గుమ్మంలో ఆ డాక్టరే నిలబడి టార్చిలైటు వేసి టికెట్లు చించుతున్నాడు, మాలకొండయ్య ఎప్పటినుంచో అతనికి దాచి ఉంచిన మాట ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది, కాని డాక్టరు సగం ముక్క చేతిలో పెట్టి "తొందరగా, చివరి రీలు," అన్నాడు ఎంతో మర్యాదగా, దాంతో ఆ తిట్టు నోట్లోనే నానిపోయింది. లోపల హాలు నిండా కొఠారు కూలీలే, గంపలు కాళ్ళ దగ్గర పెట్టుకుని, తడి గోచీలతోనే కూర్చుని, తెర మీద తమ కథే తాము చూస్తున్నారు.

తెర మీద నీళ్ళు గంగులు మీద కమ్ముకున్నాయి. మాలకొండయ్య కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. తిరపతమ్మ భుజం నొక్కి కూలేసింది.

పేర్లు పడ్డాయి. ఎవరో బట్టలు కుట్టినవాడి పేరు, గడ్డాలు అంటించినవాడి పేరు. ఇంతమంది పని చేశారా అనుకున్నాడు. తెర నల్లబడింది. ఆ నల్లదనంలో పడవ కట్టిన మోకు ఒకటి కనిపించింది, అది మెల్లగా బిగిసింది, నీళ్ళలోంచి ఒక పిడికిలి లేచి ఆ మోకును పట్టుకుంది.

హాలు దద్దరిల్లిపోయింది. కూలీలు గంపలు ఎగరేశారు. అన్నిటికీ పైన, చెవులు గింగురుమనేలా ఒక ఈల. చూస్తే తిరపతమ్మ! సీటు మీదకెక్కి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఊదుతోంది, బతికుండగా ఎన్నడూ ఊదనిది. ఆ ఈలకు తెర మీది పిడికిలి ఇంకా గట్టిగా బిగుసుకుంటోంది, ఇంకో పిడికిలి లేస్తోంది, గుండెల మీద ఇన్నాళ్ళుగా కూర్చున్న బండరాయి ఏదో కదిలినట్టయి మాలకొండయ్య కూడా అరిచాడు. ఏమని అరిచాడో అతనికే తెలీదు.

"ఒప్పుకుంటావా?" అంటోంది పైనుంచి.

"ఒప్పుకున్నా. దిగు. పడతావు."

"గట్టిగా."

"చావలేదే తల్లీ! గంగులు చావలేదు!"

ఆమె దిగి పక్కన కూర్చుంది, రొప్పుతూ, మొహం నిండా వెలుగుతో. ఇక అడగాలి. గొంతులో ముల్లు అలాగే ఉంది.

"ఆ రోజు," అంటున్నాడు, తెర వైపే చూస్తూ. "నేను కిందికి పోయినాక. నువ్వు... నన్ను పిలిచావా?"

"తీరిక ఉంటే గదా! పక్క మంచం ముసలామెతో పోట్లాటలో ఉన్నా."

"పోట్లాటా?"

"గంగులు చచ్చాడంటది. ఆమె కూడా నీ బాపతే. ఆ మోకు సంగతి, ఆ పిడికిలి సంగతి పూసగుచ్చినట్టు చెప్పా. ఊపిరాడక ఆగి ఆగి చెప్పా. చివరికి ఒప్పుకుంది. 'అట్టయితే బతికే ఉంటాడులే అమ్మా' అంది. గెలిచి పోయానయ్యా నేను. ఏడుస్తా పోలా."

మాలకొండయ్య తెర మీంచి కళ్ళు తిప్పి ఆమె వైపు చూశాడు.

"ఆమే అడిగింది, మీ ఆయన యాడని. బండి తీయడానికి పోయాడు, మా ఆయనెప్పుడూ అంతే, ముందు పోయి బండి తీసి పెడతాడు, నేను చివరిదాకా చూసి పోతా, అన్నా. ఇన్నేళ్ళలో ఏ ఆట వదిలాకైనా ఆ తోపులాటలో నలిగానా నేను? గుమ్మం దాటగానే బండి మీద నువ్వు. ఎక్కి కూచోడమే."

గొంతులో ముల్లు ఎటు పోయిందో తెలీలేదు. వెతుక్కున్నాడు, లేదు. ఊపిరి కడుపు దాకా పోయి వచ్చింది. తెర మీద మళ్ళీ ఏదో మొదలైంది, కూలీలు, పారలు, తెల్లటి ఎండ, ఊరు ఊరంతా నడిచి వస్తోంది, ఆ అడుగుల చప్పుడు హాలు గోడల్లోంచి కూడా వస్తోంది. పొంగిపోతూ, అలవాటు చొప్పున లేచాడు మాలకొండయ్య.

"నువ్వు నిదానంగా రా. నేను పోయి..."

తిరపతమ్మ అతని చొక్కా పట్టి లాగింది.

"బండి యాడికీ పోదు. కూచో. ఇంకా ఉంది."

కళ్ళు తెరిచాడు.

చల్లటి గాలి మెడ మీద కొడుతోంది. పొగాకుకు పురుగుమందు కొనడానికి టౌనుకు వచ్చి, ఎండకు తాళలేక, సినిమా కోసం కాదు ఏసీ కోసమని తనకు తానే చెప్పుకుని టికెట్టు తీసుకున్న సంగతి మెల్లగా గుర్తొచ్చింది. ఇంటర్వెల్ అయ్యాక ఎప్పుడో కునుకు పట్టినట్టుంది. తెర మీద పేర్లు పడుతున్నాయి. పక్క తలుపులు బార్లా తెరిచేశారు, మధ్యాహ్నపు ఎండ వరసల మధ్యకు పడుతోంది, మగవాళ్ళంతా స్టాండు వైపు తోసుకుంటూ పోతున్నారు.

అతని పక్కన ఒక పడుచు జంట. మొగుడు అప్పుడే లేచి నిలబడ్డాడు.

"నువ్వు నిదానంగా రా," అంటున్నాడు పెళ్ళాంతో. "నేను పోయి బండి తీస్తా."

ఆ అమ్మాయి తెర మీంచి కళ్ళు తిప్పకుండానే తలూపింది.

"పెద్దాయనా, కాస్త మోకాళ్ళు తియ్యి."

మాలకొండయ్య రెండు మోకాళ్ళూ ముందు సీటుకు గట్టిగా ఆనించాడు.

"తియ్యను."

"అదేంది? గంగులు చచ్చాడు, అయిపోయింది గదా!"

"కాలా."

"పేర్లు పడుతున్నయ్యి పెద్దాయనా. కనపడటంలా?"

"పడనీ. వాళ్ళూ పని చేశారు. కూచో."

"ఏం మనిషయ్యా నువ్వు! అవతల బండి ఇరుక్కుపోద్ది!"

"ఇరుక్కోనీ."

అమ్మాయికి నవ్వు ఆగలేదు. మొగుడి చొక్కా పట్టి లాగింది. వాడు గొణుక్కుంటూ కూలబడ్డాడు. బట్టలు కుట్టినవాళ్ళ పేర్లు పోయాయి, పులిని మేపినవాడి పేరు పోయింది, అన్నీ పోయి తెర నల్లబడింది. హాలు దాదాపు ఖాళీ. ఆ నల్లదనం లోపల, అడుగున ఎక్కడో, నీళ్ళు కదిలాయి.

ఆ కుర్రాడు సీటు అంచుకు జరిగాడు.

"చెప్పానా?" అన్నాడు మాలకొండయ్య, మొదటినుంచీ తనది ఆ పక్షమే అయినట్టు. "వాడంత తేలిగ్గా చావడు."