ఉత్తరాన చలెక్కువ

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి మా హాల్లో, టీ కప్పులు ఇంకా అందరి చేతుల్లో ఉండగానే, మా అమ్మాయి పెళ్లికి రానని అక్క చెప్పింది, నా మోకాళ్లు ఆ చలికి బిగుసుకుపోతాయిరా, మీరు వెళ్లి రండి అంది, ఎవరూ ఆశ్చర్యపోలేదు, నేను మాత్రం ఆశ్చర్యం నటించాను, అదేంటక్కా అన్నాను, ఆ మాట రావడానికి నాకు ఎంతసేపు పట్టిందో అక్క చూసిందా, చూసే ఉంటుంది, నేను గోడకి తగిలించిన ప్రపంచపటం వైపు తిరిగి పెళ్లికొడుకు ఊరిని స్కేలుతో మళ్లీ చూపించాను, ఇందాకే ఒకసారి చూపించాను, ఆ ఊరు పటంలో పైన, అంచుకి దగ్గర, దాని పైన సముద్రం, ఆపైన పటానికి కట్టిన కర్ర, ఇంక చూపించడానికి ఏమీ లేదు.

పెళ్లి వేసవిలో, అబ్బాయి వాళ్ల ఊళ్లోనే, మావైపు వాళ్లని ప్రయాణానికి సిద్ధం చేసే పని నాకు పడింది, భూగోళం మాస్టారు ఇంట్లో ఉండగా ఇంకొకరెందుకు అంది మా ఆవిడ, సరే అని చెప్పాను, ఉన్ని కోట్లన్నాను, రెండేసి జతల మేజోళ్లన్నాను, దారంతా మంచు, జారితే ఎముక విరిగినట్టే, ఆస్పత్రి దూరం అన్నాను, ఆస్పత్రి అన్నప్పుడు నా కళ్లు అక్క మోకాళ్ల మీదకి వెళ్లాయి, వెళ్లకుండా ఉండాల్సింది, బావా మనం పెళ్లికెళ్తున్నామా యుద్ధానికా అన్నాడు మా బావమరిది, అందరూ నవ్వారు, అక్క అందరికంటే గట్టిగా నవ్వింది, ఆ నవ్వు వీధి చివరికి వినిపిస్తుంది, చుట్టాల్లో ఆవిడకి మైకక్క అని పేరు అందుకే, నిశ్చితార్థం రోజు హోటల్లోనూ అలాగే నవ్వింది, అబ్బాయి తండ్రి డాక్టరు, తల్లి డాక్టరు, అక్క ఆయన పక్కన కూర్చుని అన్నయ్యగారూ మీకు నెలకి ఎంతొస్తుందండీ అని అడిగేసింది, మిగిలిన బన్నులు రుమాల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది, ఎలాగూ పారేస్తారటగా అంది, వియ్యపురాలు పెదవి విప్పకుండా చిన్నగా నవ్వింది, ఆ చిన్న నవ్వు నాతోపాటు ఇంటికొచ్చింది, ఇప్పటికీ పోలేదు.

రావద్దని నేను అనలేదు, ఆ మాట నా నోట రాలేదు, ఇక్కడున్న ఎవరినైనా అడగండి, చలి గురించి చెప్పాను, మంచు గురించి చెప్పాను, రెండూ అక్కడ ఉంటాయి, జనవరిలో ఉంటాయి, పెళ్లినాటికి ఉండవు, పెళ్లినాటికి అక్కడ పిల్లలు పొట్టిచేతుల చొక్కాలతో తిరుగుతారు, తీరా వెళ్లాక ఎవరైనా అడిగితే ఈసారి ఎండలు ముందే వచ్చాయంటాను, ఆ జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను, అమ్మాయికి ఏం చెప్పాలన్నదే సిద్ధం చేసుకోలేదు, నాన్నా అత్త వస్తుందిగా, అత్త నా పక్కనే నిలబడాలి అని ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతోంది, వస్తుందమ్మా అంటూ వచ్చాను, నిన్న కూడా అన్నాను.

ఒరేయ్ తమ్ముడూ ఇటు చూడు అని అక్క పిలిచింది, సోఫా పక్కన తను వచ్చినప్పుడు పెట్టిన గుడ్డసంచీ ఉంది, దాన్ని ఒళ్లోకి తీసుకుంది, ఇవి తలా ఒకటి ఇవ్వరా అంది, నల్లగుడ్డ పట్టీలు, లోపల మెత్తగా దూది, రెండు చివర్లకీ కలిపి ఎలాస్టిక్, బావమరిది ఒకటి తీసి కళ్లకి కట్టుకుని, వదినా నన్ను దొంగని చేశావే అన్నాడు, నువ్వు కొత్తగా అవ్వడమేంటయ్యా అంది, మా ఆవిడ ఇవెందుకు వదినా అని అడిగింది, అక్కడ ఆ రోజుల్లో పొద్దు గుంకదు కదమ్మా, అర్ధరాత్రి కూడా ఎండే, కళ్లు మూసుకుంటే చాలదు, నిద్ర పట్టొద్దూ అంది అక్క.

అదేంటి మాస్టారూ, రాత్రి కూడా ఎండుంటే మరి మంచెక్కడిది అన్నాడు పక్కింటాయన, ఆయన కూడా వస్తున్నాడు, పొద్దున్నే ఉన్ని కోటు కొన్నాడు, నేను స్కేలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను, ముప్పయ్యేళ్లు చెప్పిన పాఠం, బంతికి పుల్ల గుచ్చి, కాస్త వంచి, టార్చి ముందు తిప్పి, చూడండర్రా పైకొన చీకట్లోకి పోవడం లేదు అని, ఆ పాఠం మొదట బడిలో చెప్పలేదు, ట్రైనింగు పరీక్ష ముందు ఇంట్లో చెప్పాను, టార్చి పట్టుకున్నది అక్క, చెయ్యి పీకుతోందిరా తొందరగా తిప్పు అంది, మరి అక్కడివాళ్లు ఎప్పుడు పడుకుంటార్రా అని అడిగింది, నేనేం చెప్పానో గుర్తు లేదు, ఇప్పుడు హాల్లో, ఆయన అదే చెప్పబోతుంటే నేనే అడ్డం పడ్డానండీ నా మోకాళ్ల గొడవతో అంటోంది అక్క, పక్కింటాయనతో, నన్ను ఎప్పుడూ వాడు అనేది, ఇవాళ ఆయన అంది, నా వైపు చూడకుండా అంది.

పట్టీలు పంచాను, ఒక్కొక్కరి చేతిలో పెట్టాను, ఎవరి మొహమూ చూడలేదు, చేతులే చూశాను, అక్క లేచి ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది, మోకాలు పట్టుకోకుండానే లేచింది, కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, వచ్చేవాళ్లందరికీ అందాయి, నాకూ మా ఆవిడకీ అందాయి, సంచీ మడతపెట్టబోతే లోపల ఇంకొకటి తగిలింది, తీసి చూశాను, దాని ఎలాస్టిక్ మిగతావాటిలా లేదు, వెనకవైపు కొప్పుకి అడ్డం పడకుండా రెండు పాయలుగా కుట్టి ఉంది, ప్రయాణమయ్యేవాళ్లలో కొప్పున్నవాళ్లు ఎవరూ లేరు, కొప్పు పెట్టుకునేది అక్క ఒక్కతే.